కూలర్ గాలికి నా నౌకాదళం

లోకంలో నౌకాదళాలు తుఫానులకు మునిగాయి, ఫిరంగి దెబ్బలకు మునిగాయి, రాజుల మొండితనానికి మునిగాయి. ఎండాకాలపు కూలర్ చేతిలో సర్వనాశనమైన నౌకాదళం మాత్రం ఒక్కటే. దాని సేనాధిపతిని నేనే. జరిగింది ఉప్పల్‌లో. ఉప్పల్ నుంచి సముద్రం ఎంత దూరమో మీరు పటం తీసి చూడనక్కర్లేదు. రామంతాపూర్ చెరువులో గేదె దిగితే లేచే అలే మాకు తెలిసిన పెద్ద అల. అంత పొడినేల మీద ఓడలు పోగొట్టుకోవడం ఎవరికిపడితే వారికి చేతకాదు. నాకు చేతనైంది. చెబుతాను, నవ్వండి. కాస్త మెల్లగా నవ్వండి, ఆ గాయం ఇప్పటికీ ఆవపొడి తగిలినట్టు మండుతుంది.

ఎనభైల చివరి మాట. నాకింకా పెళ్లి కాలేదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం. అదే ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసే నర్సింగు, జనగామ వైపువాడు, నేను కలిసి ఉప్పల్‌లో ఒక మేడ మీది రేకుల గదిలో ఉండేవాళ్లం. రేకుల గది అంటే తెలియని అదృష్టవంతులకు ఒక్క ముక్క చెబుతాను. పొద్దున నిటారుగా నిలబెట్టిన కొవ్వొత్తి సాయంత్రానికి నడుం వంచి నమస్కారం పెట్టేది. బిందెలో నీళ్లకి టీ పొడి, చక్కెర తగిలిస్తే చాలు, పొయ్యితో పనిలేదు. నా దువ్వెన ఒక మధ్యాహ్నం కొడవలిలా తిరిగింది. ఆ తర్వాత ఎలా దువ్వినా పాపిడి వంకరగానే వచ్చేది.

అదే మేడ మీద స్లాబు గది ఒకటుంది. దానికి ఫ్యాను, పెద్ద కిటికీ, ఎదురుగా తలుపు. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి అందులో ఉన్నాయన ఖాళీ చేశాడు. ఇద్దరం ఒకేసారి మెట్లు దిగి ఇంటాయన ముందు నిలబడ్డాం.

ఇంటాయన యాదగిరిగారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, ఘట్‌కేసర్ ఔటర్‌లో సిగ్నల్ కోసం ఎదురుచూస్తూనే ఆయన జుట్టు నెరిసింది. ఉద్యోగం ఆయన్ని వదిలినా ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. మెడలో విజిలు, గోడకి ఎర్రజెండా, పచ్చజెండా. గేటు దగ్గర పాలవాడి సైకిలు కూడా పచ్చజెండా చూశాకే కదిలేది.

"గార్డుగారూ, ఆ గది నాకివ్వండి" అన్నాను.

"మామా, నాకియ్యి. నాకు చెమటకాయలు మస్తు లేసినయ్" అన్నాడు నర్సింగు.

యాదగిరిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఒక్క లైను మీద రెండు బండ్లు నడ్వయ్. మీరే తేల్సుకొని రాన్రి. గెల్సినోనికి తాళంచెయ్యి ఇస్త."

"బొమ్మా బొరుసా ఏసుకుందం అన్నా. ఒక్క నిమిషంల అయిపోతది" అన్నాడు నర్సింగు.

పాఠకులారా, అక్కడ "సరే" అని ఉంటే ఈ కథ లేదు. కానీ అప్పటికే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టలో నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. తెరచాపల కాలంనాటి ఓడల యుద్ధాన్ని బల్ల మీద బొమ్మ ఓడలతో ఎలా ఆడాలో చెప్పే పుస్తకం. ఒకరి తర్వాత ఒకరు గాలిని బట్టి ఓడలు జరపాలి, పాచికలు వేసి ఫిరంగులు పేల్చాలి. బల్ల దిగిన ఓడ యుద్ధం వదిలి పారిపోయినట్టే లెక్క.

"గది కోసం నాణెం ఎగరేయడమేంటి నర్సింగూ, చిన్నపిల్లల్లా. సముద్రయుద్ధం చేద్దాం" అన్నాను. "మాది కాకినాడ. సముద్రం మా రక్తంలోనే ఉంది."

నిజం చెప్పాలంటే నేను సముద్రం దగ్గరికి వెళ్లింది రెండేసార్లు. మొదటిసారి చెప్పులు కొట్టుకుపోయాయి. రెండోసారి వాటిని వెతుక్కోవడానికి వెళ్లాను.

ఓడలు కట్టడానికే నెల పట్టింది. నావి పెళ్లిశుభలేఖల అట్టతో చేసిన ఓడలు, అగరొత్తి పుల్లల కొయ్యలు, ఇస్త్రీ చేసిన పల్చటి కాగితపు తెరచాపలు. సేనాధిపతి ఓడకి చిటికెనవేలి గోరంత ఎర్రజెండా తగిలించి, 'గోదావరి గర్జన' అని పేరు పెట్టాను. చేతిలో పెట్టుకుంటే సీతాకోకచిలుక వాలినట్టుండేది. నర్సింగు తన నౌకాదళాన్ని గోనెసంచిలో మోసుకొచ్చి దబ్బున దించాడు. లేతు కింద పడ్డ ఇనుప తుక్కు ముక్కలు, ఒక్కోదానికి నెత్తిన ఒక మేకు.

"ఏంటివి, తూకం రాళ్లా?"

"ఓడలే అన్నా."

"ఇనప ముద్దతో ఓడా? మునిగిపోదూ?"

"నీళ్లేడున్నయ్ అన్నా? ఇది బల్ల గద."

పామరుడని జాలిపడ్డాను.

స్లాబు గదిలోనే యుద్ధరంగం. రెండు స్టూళ్ల మీద పాత తలుపు రెక్క, దానిమీద మా నీలం దుప్పటి, అదే సముద్రం. న్యాయనిర్ణేతగా యాదగిరిగారిని ప్రతిపాదించింది కూడా నేనే. ఇక తేలాల్సింది గాలి. ఈ ఆటకి ప్రాణం గాలే: అది వెనక ఉన్నవాడు రాజు, ఎదురు ఉన్నవాడు బిచ్చగాడు. ఆ గాలి గురించిన పేజీలే పుస్తకంలో లేవు. ఎవరో పల్లీలు పొట్లం కట్టేసినట్టున్నారు.

"ఎటుకెల్లి గాలి అనేది పాచిక ఏసి సూద్దం" అన్నాడు నర్సింగు.

"పాచికలేస్తే గాలి వీస్తుందా? సముద్రం చూసినవాణ్ని చెబుతున్నాను, నిజమైన గాలి కావాలి" అని, కింద ఉన్న కూలర్‌ని పైకి మోయించాను.

అది ఇంటావిడ మణెమ్మగారి కూలర్. బీరువా అంత ఇనుప పెట్టె, మూడు పక్కలా తడిగడ్డి. వేస్తే గూడ్సు బండి వంతెన దాటుతున్నట్టు మోత. ఆ మోత లేనిదే యాదగిరిగారికి నిద్రపట్టేది కాదు. దాన్ని సరిగ్గా నా నౌకాదళం వెనక, కిటికీలో నిలబెట్టాను.

"గాలి నీ దిక్కుకెల్లే ఎందుకు రావాలె?" అని అడిగారు యాదగిరిగారు.

"కాకినాడ అటే ఉందండీ. సముద్రపు గాలి అటునుంచే కదా రావాలి."

ఆయన కిటికీలోంచి కాసేపు చూసి తలూపారు. నేనింకో నిబంధన కూడా అందరి ముందూ చెప్పాను: కూలర్ తిరిగినంతసేపే ఓడలు కదలాలి, ఆగితే సముద్రం మీద గాలి పడిపోయినట్టు.

ఇంతలో మణెమ్మగారు ఒక పెద్ద బేసిన్‌తో మెట్లెక్కి వచ్చారు. అందులో మామిడి ముక్కలు, కారం, ఆవపొడి, నూనె. మేం ఆవకాయ అంటాం, వాళ్లు తొక్కు అంటారు. తలుపు అవతల నీడపట్టున, గాలికి ఎదురుగా చతికిలబడ్డారు.

"ఇక్కడ కలుపుతారా పిన్నిగారూ?" అన్నాను.

"నా కూలర్ మీరెత్తుకొస్తే నేను కింద ఉడకాల్నా? గాలి ఏడుంటే నేనాడుంట. గానీ చెప్తున్న, ఇండ్ల ఒక్క నీటి సుక్క పడ్డా ఏడాది తొక్కు బూజు పడ్తది. పైలం."

కూలర్ చిన్న స్పీడు మీద వేశాం. నా తెరచాపలు బుగ్గలు పూరించాయి. ఆహా, ఏం చెప్పను ఆ అందం. యాదగిరిగారు విజిలు ఊది పచ్చజెండా ఊపారు. 'గోదావరి గర్జన'ని ముందుకు జరిపానో లేదో, మళ్లీ విజిలు.

"ఆపు. ముందల ఓడ ఇంక సెక్షన్ ఖాళీ జెయ్యలే."

"గార్డుగారూ, ఇది సముద్రమండీ. అంతటా దారే."

"గందుకే యాక్సిడెంట్లయితయ్."

అలా ప్రతి ఓడకీ లైన్ క్లియర్ తీసుకుంటూ, ఔటర్‌లో ఆగుతూ, పాచికలు దొర్లిస్తూ, సాయంత్రానికి నర్సింగు ఇనప ముద్దల్ని మూడువైపులా చుట్టేశాను. ఇంకొక్క కదలిక చాలు. మనసులో అప్పటికే స్లాబు గదిలో ఫ్యాను కింద మంచం వేసుకుని, కాలు మీద కాలు కూడా వేసుకున్నాను.

కరెంటు పోయింది.

కూలర్ మూలిగి ఆగింది. తెరచాపలు వాలిపోయాయి. యాదగిరిగారు ఎర్రజెండా తీసి బల్ల మూల గుచ్చారు. "గాలి బంద్. ఎక్కడోళ్లక్కడ నిలబడాలె. కరెంటొచ్చినంక నేను పచ్చజెండా సూపిస్త, అప్పుడు కదలాలె."

"ఒక్కటే జరపాలి కదండీ..."

"నీ రూలే గదన్నా" అన్నాడు నర్సింగు, బనీనుతో విసురుకుంటూ.

అందరూ వరండాలోకెళ్లి టీ తాగుతున్నారు. నేనొక్కణ్నే లోపల. అప్పుడు వచ్చింది నాకా మహత్తరమైన ఆలోచన. కరెంటు రాగానే గాలి బలంగా వీస్తే, కరెంటు మళ్లీ పోయేలోపే ఆ ఒక్క కదలికా పూర్తి. పుస్తకంలో ఇలాంటివాళ్లనే మహాసేనానులన్నారు. చుట్టూ చూసి, కూలర్ మీటని చివరిదాకా తిప్పాను. పనిలో పనిగా ట్యాంకులో రెండు బకెట్ల నీళ్లు కూడా గుమ్మరించాను.

అందరూ వచ్చి ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు. కరెంటొచ్చింది. మామూలుగా రాలేదు, కోపంగా వచ్చింది. బల్బు తెల్లగా మండింది. కూలర్ ఒక్కసారి తుమ్మి, గర్జించింది.

నా ఓడలు కదల్లేదు, లేచాయి. కొంగల బారులా వరస తప్పకుండా లేచాయి. నర్సింగు ఇనప ముద్దల మీదుగా, యాదగిరిగారి ఎర్రజెండా మీదుగా, ఆయన బట్టతలని ముద్దుపెట్టుకుంటూ తలుపులోంచి బయటికెళ్లాయి. ఇనప ముద్దల్లో ఒక్కటీ మేకు కూడా ఊపలేదు. ఓడల వెనకే కూలర్ కక్కిన నీళ్ల తుంపర వెళ్లింది. అన్నీ కలిసి ఎక్కడ వాలాయో వేరే చెప్పాలా?

మణెమ్మగారు మోచేతులదాకా కారంతో, బేసిన్‌లోంచి ఒక తడి ఓడని కొయ్య పట్టుకుని పైకి తీశారు.

నేను ముందు తేరుకున్నాను. "గార్డుగారూ, నా ఓడలన్నీ శత్రువుని దాటి అవతలి గట్టు చేరాయి. గెలుపు నాదే."

"బల్ల దిగినోడు పారిపోయినట్టే అని నువ్వే సదివినవ్" అన్నాడు నర్సింగు.

యాదగిరిగారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. "చేరినయ్. కాదంటలేను. గానీ నా ఎర్రజెండా ఉండంగ కదిలినయ్. నా సర్వీసుల సిగ్నల్ దాటిన బండిని నేను ఎన్నడు మాఫ్ చెయ్యలే. డ్రైవర్ సస్పెండ్."

"అవి ఓడలండీ."

"ఓడైతే ఏంది, బండి బండే. నర్సింగూ, తాళంచెయ్యి తీస్కో."

"నీ తీర్పు అయిందా?" మణెమ్మగారు లేచారు. "ఇగ నాది ఇనున్రి. కూలర్ చెవి తిప్పిందెవలు?"

నర్సింగు నావైపు చూశాడు. యాదగిరిగారు నావైపు చూశారు. నేను కాకినాడవైపు చూశాను.

ఆవిడ తడిసినమేర తొక్కంతా గరిటెతో తీసి వేరే జాడీలో నింపి నా చేతిలో పెట్టారు. "బూజు పట్టకముందే ఇదంత నువ్వే తినాలె. రోజు వచ్చి సూస్త."

నూనె తుడిచి నా ఓడల్ని ఒక్కొక్కటే ఏరుకున్నాను. 'గోదావరి గర్జన' మాత్రం దొరకలేదు.

ఆ వేసవంతా రేకుల గదిలో నేను, నా జాడీ. పైన సూర్యుడు, లోపల ఆవకాయ. రెండువైపులా కాల్చిన అప్పడంలా తయారయ్యాను. రాత్రి కాగానే నర్సింగు తలుపు తట్టేవాడు. "అన్నా, ఫ్యాన్ కింద జర సలి పెడ్తుంది. ఆ సముద్రం ఇటియ్యవా, కప్పుకుంట." ఇచ్చేవాణ్ని. ఏం చేస్తాను?

జాడీ అడుగంటుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, మణెమ్మగారు గుమ్మంలో కాపలా నిలబడి ఉండగా, ముద్దలో ఏదో పంటికి తగిలింది. టెంక కాదు. పీకితే అగరొత్తి పుల్ల, దాని కొసన గోరంత ఎర్రజెండా. మిగతా ఓడ అప్పటికే నా గొంతు దాటింది.

నర్సింగు ఆ పుల్లని గుర్తుపట్టాడు. "ఎట్లుందన్నా నీ ఓడ?"

"కొంచెం ఉప్పు తక్కువైంది."

"సముద్రంల మునిగుంటే ఉండేది."

మణెమ్మగారి మొహం మారింది. "నా తొక్కుల ఉప్పు తక్కువనా?" అని గిరుక్కున తిరిగి కిందికెళ్లి, ఇంకో జాడీతో వచ్చారు.

కాబట్టి పాఠకమహాశయులారా, ఆ ఎర్రజెండా సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బల్ల మీదా, ఏ దుప్పటి మీదా ఓడ నడపను. గాలి నా వెనక ఉన్నా సరే, కూలర్ మీట ముట్టుకోను. ఆవకాయ కలిపే రోజున మాది కాకినాడ అని ఎవరికీ చెప్పను. ఎప్పుడైనా, ఎక్కడైనా, దేనికైనా ఎవరైనా "బొమ్మా బొరుసా వేసుకుందామా" అంటే, వాళ్ల మాట పూర్తికాకముందే "బొమ్మ" అంటాను.