తోలు బందులు

మా అమ్మాయి బ్యాగులు కుట్టగా మిగిలిన మందపాటి తోలు ముక్కల్ని నిన్న చెత్తలో వేయబోయింది. ఆ వాసనకే మా ఊరి పాత ఇంటి తలుపు కళ్ళముందు నిలిచింది. మా ఊరు అక్కుపల్లి నేస్తాల్లారా, మన చిన్నప్పటి ఆ తుఫాను గుర్తుందా?

మా నాన్న చెప్పులు కుట్టగా మిగిలిన తోలుతో తలుపుకి బందులు వేశాడు. పక్కింటి అప్పన్న ఒకటే నవ్వు.

"సెప్పుల తోలు తలుపుకేటి మావా? నడిసెల్లిపోద్దేటి?"

"ఉప్పుగాలికి ఇనుము ఆగుద్దేట్రా?" అన్నాడు నాన్న.

తుఫాను రోజు అందరం తలుపుకి వీపులు ఆనించి నిలబడ్డాం. తోలు కిర్రుమంటోంది. అది తెగితే గాలి లోపలికొచ్చి కప్పు లేపేస్తుంది. అంతలో బయట అప్పన్న కేక.

"మావా, మా తలుపెగిరిపోనాది! పిల్లలున్నారు, తియ్యి!"

"తీత్తే అందరం పోతాం!" అమ్మ ఏడుస్తోంది.

"తట్టినోడికి తియ్యమంది బైబిలు వాక్యం" అంటూనే నాన్న వణికిపోతూ గడియ తీశాడు. గాలికి తలుపు విరుచుకుపడింది. తోలు సాగింది, తెగలేదు. పిల్లల్ని లోపలికి లాగి తలుపు మూశాక అప్పన్న కూడా మా పక్కనే వీపు ఆనించి, రొప్పుతూ అడిగాడు: "ఆ తోలు ముక్కింకోటుందేటి మావా?"

తట్టుడి, తీయబడుతుందని ఈరోజు నేను చర్చిలో గొంతు చించుకుని బోధిస్తున్నాను. తీసేవాడి భయం నాకు తెలుసు. ఆ ముక్కల్ని పారేయనివ్వలేదు. సముద్రం మీద మబ్బు నల్లబడితే నా చెయ్యి ఇప్పటికీ ముందుగా తలుపు బందు మీదికే పోతుంది.