తలుపేస్తా ఉండా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు తలుపు వేయాలన్నా ముందు ‘తలుపేస్తా ఉండా’ అని గట్టిగా చెప్పి వేయాలి. బిందె దించాలన్నా అంతే. మా ఊరు గౌనిపల్లిలో మమ్మల్ని చూసి నవ్వని ఇల్లు లేదు. నవ్వితే నవ్వనీ అనేది మా అవ్వ.

ఇదంతా మా తాత కోసం. ఆయన కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసి వచ్చినవాడు. భూమి లోపల బండ ఒక్కసారిగా పగిలి పేలడాన్ని అక్కడివాళ్ళు ‘ఏర్ బ్లాస్ట్’ అనేవాళ్ళు. అట్లాంటి ఒక పేలుడులో తోటివాళ్ళు పోయారు, తాత మిగిలాడు. ఆ తర్వాత ఏది దభీమన్నా వణికిపోయి మంచం కింద దూరేవాడు. ఏర్ అంటే గాలి అని ఊరికి ఎవరో చెప్పారు. ఇంకేముంది, తాతకు గాలి సోకిందని తేల్చేశారు. చప్పుడైతే నేనూ ఉలిక్కిపడేదాన్ని కాబట్టి నాకూ అంటిందన్నారు. మా రక్తంలోనే ఉందట!

ఒకరోజు మా పెదతాత ఒక మంత్రగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ముందు తాతను, తర్వాత నన్ను వేపమండలతో కొట్టి గాలి వదిలిస్తారట. నేనూ తాత పక్కనే మంచం కింద దూరాను. ఆయన నా చేయి పట్టుకుని గోడ వైపుకు లాక్కున్నాడు. అవ్వ సంకటి కెలుకుతున్న తెడ్డుతోనే వచ్చి గడపలో నిలబడింది.

“గాలే పట్టింది బావా, కాదనను. అయితే అది దెయ్యం గాలి కాదు, గని గాలి. బండనే పగలగొట్టినాది, నీ మండలకు భయపడుతుందా?”

“బిడ్డకైనా...” అని పెదతాత గొణిగాడు.

“బిడ్డ వాళ్ళ తాతను చూసి నేర్చుకునింది. వాళ్ళ తాత ఊరికే భయపడలేదు. ఇంగ పొండి!”

వాళ్ళు వెళ్ళిపోయారు. తలుపు ధడాలున వేస్తుందని నేను చెవులు మూసుకున్నాను. అంత కోపంలోనూ అవ్వ మంచం వైపు వంగి, ‘తలుపేస్తా ఉండా’ అని చెప్పి మెల్లగా వేసింది.

ఆ ఉలికిపాటు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈమధ్య కోలారులో మనసు డాక్టరు దగ్గరికి వెళ్తే, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండేదా అని అడిగాడు. పక్కనున్న మా కోడలు లేదనబోయింది. నేను దాని మాటకు అడ్డం పడి, “ఉండె. మా తాతకు. గని గాలి” అని బయట కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేటట్టు చెప్పాను. దాచడానికి మేమేమైనా దొంగతనం చేశామా?

వచ్చేటప్పుడు గడప దాటి, లోపలున్న ఆ కుర్ర డాక్టరు వైపు తిరిగాను.

“తలుపేస్తా ఉండానప్పా” అని చెప్పి, అప్పుడు వేశాను.