తలుపు వెనక ఏముందో ముందే చెప్పాలి

వీధి మొత్తానికీ ఆయన తాళాల బాబాయి. ఎవరి తలుపు తీయాలన్నా ముందు ఒకటే ప్రశ్న వేసేవాడు: "తలుపు తీయగానే ఎదురుగా ఏం కనబడుతుంది?" ఇంటివాళ్ళయితే తడుముకోరు. కాలు విరిగిన కుర్చీ అని ఒకరంటారు, మా అత్తగారి మొహం అని ఇంకొకరంటారు. తీరా తీశాక చెప్పింది కనబడకపోతే, తలుపు మూసి తాళం వేసి తన దారిన తను పోయేవాడు.

ముప్ఫయ్యేళ్ళలో ఆ ప్రశ్న వేయనిది ఒక్కసారే. అప్పుడే దుకాణం పెట్టిన రోజులు. పోలీసు యూనిఫాం చూసి అడక్కుండానే తీశాడు. లోపల ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం మీద నురగ ఉండగానే తీసుకుపోయారు. ఆయన మళ్ళీ ఆ వీధికి రాలేదు. ఇప్పటికీ బాబాయి అద్దం ముందు సబ్బు పూసుకుంటే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

ఇవాళ పొద్దున పదింటికి ఇనస్పెక్టరు ఆయన్ను మూడో అంతస్తుకి తీసుకెళ్ళాడు. అది టైపు మేడం ఇల్లు. మునిసిపాలిటీ మీదా పోలీసుల మీదా జనం పెట్టుకునే అర్జీలన్నీ ఆవిడ చేతి మీదే టైపవుతాయి. ఆవిడ పనికి వెళ్ళింది. తలుపు పగలగొడితే రేపు ఎందుకని అడుగుతారు. బాబాయి చెయ్యి పడితే గోరంత గీత కూడా ఉండదు.

"తియ్యి."

"జడ్జిగారి కాగితం ఏదండీ?"

"నువ్వు తాళాలోడివా, లాయరువా?"

"తాళాలోణ్ణే సార్. పోనీ, తీయగానే ఏం కనబడుతుందో చెప్పండి."

"అది చూద్దామనే కదా వచ్చింది!"

"చూశాక ఎవరైనా చెబుతారు సార్. చూడకముందు చెప్పాలి."

ఇదేమీ పొగరుతో అన్నది కాదు. ఒకరి ఇల్లు వెతకాలంటే ఎక్కడ వెతుకుతారో, దేనికోసమో ముందే రాసి జడ్జి చేత సంతకం పెట్టించుకోవాలనీ, రాజ్యాంగం పోలీసుల చేతులకు కూడా ఒక హద్దు గీసిందనీ టైపు మేడం ఒకసారి తాళం బాగుచేయించుకుంటూ చెప్పింది. అయితే జడ్జీలదీ మన పద్ధతేనన్నమాట అని బాబాయి వారం రోజులు మురిసిపోయాడు.

ఆ మురిపెంతోనే తియ్యనన్నాడు, అదే ఆయన్ను పోలీసు స్టేషనుకి తెచ్చింది. మాట్లాడి పంపిస్తామని కాగితాల కట్టలు పడేసిన గదిలో కూర్చోబెట్టి, బయట నుంచి తాళం వేశారు. తిరగని ఫ్యాను, అరచేతంత కిటికీ, దానికి అవతల గోడ. "తీస్తానని ఒక్క మాట అను, ఇంటికి పో" అని ఇనస్పెక్టరు రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఊపిరి తీసుకుంటే పాత కాగితాల దుమ్మే లోపలికి పోతోంది.

తమాషా ఏమిటంటే, ఆ తలుపు తాళం బాబాయి బిగించిందే. పనిముట్ల సంచి లాక్కున్నారు గానీ, ఊడిన గుండీ బదులు చొక్కాకి పెట్టుకున్న పిన్నీసు అలాగే ఉంది. అది చాలు. రెండు నిమిషాల పని.

మధ్యాహ్నం కానిస్టేబులు తలుపు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "బాబాయ్, నీ తాళమేగా. నేను టీకి పోతున్నా. వచ్చేసరికి పావుగంట పడుతుంది."

బాబాయి పిన్నీసు చేతిలోకి తీసుకున్నాడు. ఇది జాలో, ఎలుక బోనులో కొబ్బరి ముక్కో తేలలేదు. పొద్దుటినుంచీ తన మీద రాసుకోవడానికి వాళ్ళకి ఒక్క ముక్క లేదు. ఈ తాళం తీస్తే పారిపోయాడని రాసుకోవచ్చు. తీయకపోతే లోపలే. కాళ్ళు తలుపు వైపు లాగుతుంటే కాగితాల కట్టను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

కానిస్టేబులు తిరిగొచ్చిన కాసేపటికి భార్య గొంతు వినబడింది.

"మా ఆయన్ని ఎందుకు పెట్టారయ్యా?"

"మాట్లాడ్డానికమ్మా."

"ఏం మాట్లాడారు?"

"ఇంకా ఏం లేదు."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వు."

కానిస్టేబులు పెన్ను కోసం వెతుకుతున్నట్టు జేబులు తడుముకుంటూ ఇనస్పెక్టరు గది వైపు వెళ్ళిపోయాడు. ఆవిడ తలుపుకి దగ్గరగా వచ్చింది.

"ఏమండీ, టైపు మేడం కోర్టుకెళ్ళింది. కారణం చెప్పకుండా కూర్చోబెట్టే హక్కు వీళ్ళకి లేదట. అయిదింటికి మూసేస్తారట, ఈలోపు జడ్జిగారు వింటే సరి."

"వినకపోతే?"

"రేపు మళ్ళీ వెళ్తుంది." తలుపు సందు దగ్గర గొంతు తగ్గించింది. "పిన్నీసు ఉందా?"

"ఉంది."

"ముట్టుకోకండి."

"ఊఁ." బాబాయి పిన్నీసును అరచేతిలో మూసుకున్నాడు. "ఏమే, ఈ తలుపు తీయగానే నాకేం కనబడుతుంది?"

"ఇంకేం కనబడుతుంది, మీ ఖర్మ. నా మొహమే."

ఆవిడ తడుముకోలేదు. బాబాయి పిన్నీసును మళ్ళీ చొక్కాకి గుచ్చుకుని, తలుపుకి ఎదురుగా జరిగి కూర్చున్నాడు. బయట గోడ గడియారం నాలుగు కొట్టింది.