ఆర్డెల్ బావ తాకిడి లెక్క

మోంటానా కొండల్లో వేటకాలం వస్తే ఊరంతా ఎల్క్ దుప్పులు ఎక్కడున్నాయా అని వెతుకుతుంది. ఆర్డెల్ క్విస్ట్ మాత్రం మనుషులు ఎక్కడ లేరా అని వెతుకుతాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో బంగారంలాంటి మనిషి.

"తాకిడి, మరదలా, తాకిడి! పదిమంది తొక్కిన చోట దుప్పి నిలుస్తుందా? ముందు వేటగాళ్ళ తాకిడి ఎంతో తేల్చుకోవాలి. తుపాకీ సంగతి తర్వాత."

మరదలంటే నోరీన్. ఆయన భార్యకి చెల్లెలు, స్కూలు బస్సు నడుపుతుంది. అక్క పోయినా బావగారి ఉపన్యాసాలు మాత్రం ఆవిడకి తప్పలేదు.

కొండదారి మొదట్లో బండి ఆగి ఉంటే చాలు, ఆర్డెల్ వెళ్ళి దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. వెచ్చగా ఉంటే ఇప్పుడే వచ్చారని, చల్లగా ఉంటే లోపలెక్కడో గుడారం వేశారని లెక్క. ఒకసారి అలా చూస్తుంటే బండిలో పడుకున్న ఆసామి లేచి అద్దం దించాడు.

"ఏమయ్యా, ఏం కావాలి?"

"ఏం లేదండీ. మీరెంతమంది?"

"నేనొక్కణ్ణే."

"మరి సీటు మీద రెండు టోపీలున్నాయే?"

ఆ మనిషి ఈయన్ని ఎగాదిగా చూసి, బండి తిప్పుకుని పోయాడు. "చూశావా, ఒకడు తగ్గాడు," అన్నాడు ఆర్డెల్ వెంట వచ్చిన నోరీన్‌తో సంబరంగా.

వేట మొదలయ్యే ముందు మోటెల్‌కి ఫోన్ చేసేవాడు. గది ఖాళీ ఉందంటే పై ఊళ్ళ వేటగాళ్ళు ఇంకా రాలేదని అర్థం. కానీ ఫోనెత్తిన పిల్ల మర్యాదగా "ఎన్ని రోజులకండీ?" అంటే కాదనలేక గది తీసేసుకునేవాడు. రెండు వీధుల అవతల సొంత ఇల్లు పెట్టుకుని మోటెల్లో పడుకునే మనిషి మా ఊళ్ళో ఆయనొక్కడే.

చర్చిలో అందరూ కళ్ళు మూసుకుంటే ఈయన మెడ సాచి ఖాళీ బెంచీలు చూసేవాడు. "మగాళ్ళు బాగా తగ్గారు పాస్టరు గారూ. కొండ మీద రద్దీ ఖాయం."

"ఇక్కడ తాకిడి ఎందుకు తగ్గిందో కూడా కాస్త కనుక్కోండి ఆర్డెల్ గారూ," అనేవాడు పాస్టరు దిగులుగా.

ఇంతా చేసి చివరికి నరమానవుడు అడుగుపెట్టని చోటు పట్టేవాడు. ఒక ఏడు నోరీన్‌ని అలాంటి గుట్టే ఎక్కించాడు. సాయంత్రం దాకా ఇద్దరూ రాయి మీద కూర్చున్నారు.

"మనుషులు లేరు బావా, ఒప్పుకున్నా. దుప్పులేవి?"

"అన్నీ ఒక్కచోటే కావాలంటే ఎట్లా?" అని కసిరాడు.

కిందటి వసంతంలో నోరీన్‌కి తుంటి ఎముక మార్చారు. వేటకాలానికి కర్ర వదిలేసి నడుస్తోంది గానీ, మంచులో గుట్టలెక్కే పని ఇక లేదు. "తుపాకీ ఎవరికన్నా ఇచ్చెయ్యమ్మా," అని కూతురు ఫోన్లో ఒకటే నస. వేట నోరీన్‌కి వాళ్ళ నాన్న నేర్పింది. తుపాకీ ఆయనదే. విసిగి విసిగి చివరికి మాటిచ్చింది, ఈసారి దుప్పి పడకపోతే ఇచ్చేస్తానని. మాట ఇచ్చినప్పటినుంచీ ఆ తుపాకీని చూస్తే గుండె కలుక్కుమంటోంది.

ఆవిడ వెళ్ళగలిగింది బటర్‌ఫోర్క్ పచ్చిక దాకానే. రోడ్డు అయిపోయిన చోటే పచ్చిక మొదలు. అందుకే మొదటి రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే దిగుతాయి.

"బావా, బటర్‌ఫోర్క్‌లో తాకిడి ఎంతుంటుంది?" తనంతట తాను ఆ మాట అడగడం ఆవిడకి అదే మొదలు.

ఆర్డెల్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మొదటి రోజే వెళ్ళు."

"మొదటి రోజు వెళ్ళేవాడు వెర్రివాడంటావుగా!"

"లెక్క కట్టే చెబుతున్నా. వెళ్ళు."

తెల్లవారుతుండగా నోరీన్ పైకి చేరింది. చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. దారి మొదట్లో బండి మీద బండి. గుర్రాల ట్రైలర్ కూడా ఒకటి. "నీ లెక్క తగలెయ్య, బావా!" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతలో వెనక ఇంకో బండి వచ్చింది. అందులోవాళ్ళు తలలు బయటపెట్టి, "ఓరి నాయనో, ఇది వేటా, సంతా? పదండ్రా," అంటూ తిప్పుకుని పోయారు.

తనూ తిప్పబోతూ ఆగింది. ఆ ఎర్ర బండి పాస్టరు గారిది. ఆయన జన్మలో తుపాకీ పట్టలేదు. పక్కది కాఫీ హోటలు లొరెట్టాది. ఈ వేళకి లొరెట్టా పొయ్యి దగ్గర అట్లు పోస్తుండాలి కదా!

నోరీన్ బండి దిగింది. నిన్న పడ్డ మంచులో అడుగుజాడలున్నాయి. ఏ బండి దగ్గర్నుంచీ ఒక్క అడుగు కూడా అడవిలోకి పోలేదు. అన్నీ రోడ్డు దిగి ఊరి వైపే పోయాయి. అన్నీ ఒకే మనిషి బూట్లవి. ఒక బండి పైకి తేవడం, ఊరిదాకా నడిచి దిగడం, ఇంకోటి తేవడం, మళ్ళీ నడవడం.

చివరి బండిలో దుప్పటి కప్పుకుని ఆర్డెల్ కూర్చున్నాడు.

"బావా! ఏమిటిదంతా?"

"మెల్లగా! పచ్చికలో దుప్పులు బెదిరిపోతాయి."

"ఇన్ని బండ్లు ఎవరిచ్చారు నీకు?"

"నీ కోసమని చెప్పాను. ఇచ్చారు. లొరెట్టా అట్లు కూడా కట్టిచ్చింది, తింటావా?"

నోరీన్ బండి లోపలికి తొంగి చూసింది. "నీ తుపాకీ ఏది? నువ్వూ రా బావా."

"ఇంత తాకిడి ఉన్న చోట నేను వేటాడతానా?" అన్నాడు ఆర్డెల్ నొచ్చుకుంటూ.

పొద్దు పూర్తిగా పొడవకముందే పచ్చిక అంచున ఆడ దుప్పి ఒకటి వచ్చి అడ్డంగా నిలబడింది. ఒక్క గుండుతో పడిపోయింది. ఆర్డెల్ తాళ్ళు పట్టుకుని వచ్చేసరికి నోరీన్ దాని పక్కన కూర్చుని ఏడుస్తోంది, నవ్వుతోంది.

"తుపాకీ ఎవ్వరికీ ఇవ్వను బావా."

"ఇవ్వకు. ముందు ఈ బండ్లు కిందికి చేర్చాలి, సాయం పట్టు. నా కాళ్ళు నిన్ననే అయిపోయాయి."

సాయంత్రం దాకా ఆయన ఒక్కో బండీ దింపుతుంటే, నోరీన్ తన బండిలో ఆయన్ని మళ్ళీ పైకి చేరుస్తూనే ఉంది. ఆఖరి బండి దింపుతుంటే దారిలో వేటగాళ్ళెవరో చెయ్యెత్తి ఆపారు.

"పైన ఎలా ఉంది పెద్దాయనా?"

"అబ్బో," అన్నాడు ఆర్డెల్, "ఇసకేస్తే రాలడం లేదు!"