దొరగారి బ్రాందీ, రెండో గెడ్డ

మనిషి తాగి చెడిపోవడం లోకంలో మామూలే. నేను మాత్రం చుక్క నోట పెట్టకుండా, ఇంకొకరికి పోసి చెడిపోయాను. ఆ పోయడం వల్ల ఒక దొర, ఒక ఊరు, ఒక సర్కారు కచేరీ ఎలా తలకిందులయ్యాయో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఉద్దానంలో అందరూ ఎప్పుడో నవ్వేశారు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బరంపురంలో మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, కంచిలి దగ్గర మా జగన్నాథం మావ ఇంట చేరాను. మావ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు, కొబ్బరితోటల ఆసామి. ఆయన కూతురు నీలవేణిని చేసుకోవాలని నాకు ప్రాణం పోయేంత ఆశ. ఆ పిల్లకు కూడా నేనంటే ఇష్టమేనని, నా విస్తట్లో పడే నెయ్యిని బట్టి అంచనా వేసుకున్నాను. మావకు మాత్రం నేనొక పనికిరాని వెధవనని గట్టి నమ్మకం. ఆయన నమ్మకం తప్పని రుజువు చేసే పని నేనూ ఏనాడూ చేయలేదు.

మావకు ఉన్నది ఒకటే దిగులు. ఊరికీ రైలు స్టేషన్‌కీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వాగును మా వైపు అలాగే అంటాం. వానలు పడితే కొబ్బరికాయల బళ్ళు ఈ ఒడ్డున, రైలు ఆ ఒడ్డున. వంతెన కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా, టెక్కలి నుంచి ఒక ఇంగ్లీషు దొర స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. మధ్యాహ్నం మా తోటలో భోజనం, పొద్దు వాలే వేళకు గెడ్డ తనిఖీ, ఆ తర్వాత రైలెక్కి పలాసలో మకాం.

"ఒరే, బువ్వ తిన్నాక దొరకి బ్రాందీ పడాలట. దాని సంగతి నీకేటైనా ఎరికేనా?" అన్నాడు మావ.

"బరంపురంలో సదివినోన్ని, నాకు తెల్దా మావా!"

నాకు తెలిసిన బ్రాందీ ఎంతో మీకు చెబుతాను. మా నానమ్మ పప్పుల డబ్బా వెనక చిన్న సీసా దాచేది. ఎవరికి రొంప పట్టినా వేడినీళ్ళలో చెంచాడు వేసి, ముక్కు మూసి గొంతులో పోసేది. బ్రాందీ శాస్త్రంలో నా చదువు అక్కడితో సరి.

"అయితే నువ్వే పొయ్యాల. దొర సంతోసంగా ఎల్లాల. గెడ్డ మీద వంతెన పడిందా, పిల్లనిత్తాను. పడనేదా, బరంపురం రైలెక్కీ," అన్నాడు మావ. నీలవేణి తలుపు చాటునుంచి అంతా వింది.

దొరగారి బట్లరు అప్పన్న పొద్దున్నే సామాను బండితో దిగాడు. వంట ముగించి, ముందుగా పలాస వెళ్ళి మకాం సర్దాలి. అందుకని వెళ్ళేముందు నాకు పాఠం చెప్పాడు. కింద గుమ్మడికాయంత పొట్ట, పైన సన్నటి మూతి ఉన్న గాజు గ్లాసు తీశాడు. అందులో సోలెడు పడుతుంది.

"సూడు బాబూ, ఇది కల్లు గాదు, గడగడ తాగీడానికి. అడుగున రెండేళ్ళ మందం పొయ్యాల. అంతే," అని రెండు వేళ్ళు గ్లాసుకు అడ్డంగా ఆనించి చూపాడు.

"ఇంత గలాసుకి రెండేళ్ళేనా? మిగతా జాగా దేనికి?"

"వాసనకి. దొర ముందు ముక్కుతో తాగుతాడు, తరవాత నోటితో. ఒక్క గుక్క నాలిక మీదెట్టుకోని సానాసేపు కూకుంతాడు. నీల్లు కలపకు. కొబ్బరినీల్లు అసలే కలపకు. ఇంకో మాట బాబూ, దొర సెయ్యి..."

"తెల్సులేవయ్యా! బండి ఎల్లిపోతంది, బేగి ఎక్కు!" అన్నాను.

ఆ ఒక్క మాట విని ఉంటే ఈ కథే లేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. కాబోయే అల్లుడికైతే చెవిలో కూడా ఉంటుంది.

భోజనం బ్రహ్మాండంగా జరిగింది. దొర మంచివాడు, పాతికేళ్ళ కుర్రాడు, తెలుగు పరీక్ష ప్యాసయ్యాడట. నేను గ్లాసు తెచ్చి, పాఠం ప్రకారం అడుగున రెండు వేళ్ళ మందం పోశాను. అది చూసిన మావ ముఖం మాడిపోయింది. నా చెవి దగ్గరికి వచ్చి, "ఏట్రా సేత్తన్నావు? కూలోడికి కల్లు పోసినా దొప్ప నిండా పోత్తామే! మన పరువు తీత్తావేటి?" అన్నాడు.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి మీకు చెప్పాలి. అతిథి నోటితో "చాలు, చాలు" అంటాడు. దాన్ని ఎవరూ లెక్కచేయరు. అది మొహమాటం. అతిథి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉండాలి. ఇక చెయ్యి అడ్డం పెట్టకపోగా, అరచెయ్యి చాచి గిన్నె కింద పట్టాడంటే, పాపం ఆకలి చల్లారలేదన్నమాటే.

దొర గ్లాసు అందుకున్నాడు. అరచెయ్యి చక్కగా దాని పొట్ట కింద పెట్టాడు. గ్లాసును గుండ్రంగా తిప్పాడు.

"సూసినావా? ఎంత ఖాళీగా ఉన్నాదో తిప్పి మరీ సూపిత్తన్నాడు!" అన్నాడు మావ.

అంచుదాకా నింపేశాను. దొర కళ్ళు గ్లాసంత అయ్యాయి.

"చాలును. మిక్కిలి చాలును," అన్నాడు. చెయ్యి మాత్రం కిందే ఉంది. కాసేపు గ్లాసులోకి చూసి, నిట్టూర్చి, "ఇంటివారి వడ్డన విడుచుట దోషమని మా తెలుగు మునిషీ చెప్పెను," అని కళ్ళు మూసుకుని తాగేశాడు.

చూశారా! ఆయన మా మర్యాద పాటిస్తున్నాడు, మేము మా మర్యాద పాటిస్తున్నాం. మధ్యలో బ్రాందీ పారుతోంది. గ్లాసు ఖాళీ అయింది, కింద అరచెయ్యి కదలలేదు. మళ్ళీ నింపాను. మూడోసారి "చాలును" అనడానికి బదులు ఏదో ఇంగ్లీషు పాట అందుకున్నాడు.

"దొర మా సంతోసంగా ఉన్నాడు," అని మావ మొట్టమొదటిసారి నా వీపు తట్టాడు. నేను మనసులో పెళ్ళిపందిరికి రాటలు పాతేశాను.

పొద్దు వాలుతుండగా గెడ్డ దగ్గరికి బయలుదేరాం. దొర ఒక చెయ్యి మావ భుజం మీద, ఇంకోటి నా భుజం మీద వేశాడు. ఒడ్డున నిలబడి ముందు కుడికన్ను మూసి చూశాడు, తర్వాత ఎడమకన్ను మూసి చూశాడు. పుస్తకం తీసి శ్రద్ధగా రాసుకున్నాడు.

"మీ గెడ్డలు మిక్కిలి సుందరముగా నున్నవి," అన్నాడు.

గెడ్డలు అన్న మాటను దొరవారి తెలుగు కింద జమకట్టేశాం. నలుగురు మనుషులు ఆయన్ని గెడ్డ దాటించి రైలెక్కించారు.

రెండు నెలలకు ఇంగ్లీషులో కాగితం వచ్చింది. మావ ఊరందరినీ పిలిచి నన్ను చదవమన్నాడు. చదివాను. మళ్ళీ మొదటినుంచి చదివాను.

"ఏట్రా? వంతెన ఇచ్చినారా నేదా?"

"ఇచ్చినారు మావా. రెండు గెడ్డలు పక్కపక్కన పారతన్నాయని దొర రాసినాడు. రెంటికీ వంతెనలు కావాలన్నాడు. కొలతలకి ఓవర్సీరు వత్తన్నాడు."

"రెండో గెడ్డేదిరా?"

అప్పుడు నాకు బ్రాందీ మీద అనుమానం తగిలి, టెక్కలి పరుగెత్తి బట్లరు అప్పన్నను పట్టుకున్నాను. అంతా విని అతను నుదురు కొట్టుకున్నాడు. "కింద సెయ్యెడితే అడగడం గాదు బాబూ! సేతి ఏడికి బ్రాందీ ఎచ్చబడి వాసన లెగాలని! ఆ మాటే సెప్పబోతే నన్ను బండెక్కించీసినావు!"

ఓవర్సీరు వచ్చి ఒకటే గెడ్డ చూస్తే దొర రాసింది అబద్ధమవుతుంది. కాగితం చిరుగుతుంది. వంతెనా ఉండదు, నీలవేణీ ఉండదు. మావ నా చేతికి గునపం ఇచ్చి, "నువ్వు పోసిన గెడ్డ, నువ్వే తవ్వు," అన్నాడు.

వారం రోజులు తవ్వాను. ఊరివాళ్ళు జాలిపడి తలా ఒక చెయ్యి వేశారు. గట్టున రెల్లు నాటాం, ఏతంతో నీళ్ళు తోడి నింపాం. నా అరచేతులు బొబ్బలెక్కడం చూసి నీలవేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఓవర్సీరు వచ్చే రోజు పొద్దున్నే ఒక ముంతతో చేపపిల్లలు తెచ్చి మా గెడ్డలో వదిలింది. ఆ పిల్ల కోసం సముద్రమైనా తవ్వుదునని ఆ క్షణాన అనిపించింది.

ఓవర్సీరు రెండు గెడ్డలూ చూశాడు, చేపల్ని కూడా చూశాడు. "దొరగారు రాసింది అక్షరాలా నిజమే," అన్నాడు. మేము ఊపిరి పీల్చుకున్నాం.

"అయితే పెద్దదాని అడుగంతా ఇసక. పునాది నిలవదు. ముందు ఈ చిన్నదాని మీద కట్టేస్తాం. పెద్దదాని సంగతి తరవాత చూద్దాం."

మావ నోరు తెరిచాడు. ఏం చెబుతాడు? ఇది దొంగ గెడ్డ అనా? నోరు మూసేశాడు.

ఆ విధంగా, నేను తవ్విన గోతి మీద రాతి వంతెన పడింది. అసలు గెడ్డ ఎప్పటిలా పారుతూనే ఉంది. మావ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున నా బట్టలు మూటగట్టి అరుగు మీద పెట్టాడు. నీలవేణి ఆ మూట తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టింది.

"అయ్యా, వంతెన పడితే పిల్లనిత్తానన్నావు. పడిందా నేదా?"

"అది వంతెనేటే!"

"సర్కారోల్లు కట్టినారు, ఊరంతా సూసినారు. వంతెన గాదంటే ఆ సంగతి నువ్వే ఓవర్సీరుకి సెప్పుకో."

మావ పురోహితుడికి కబురు పెట్టాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు. గెడ్డను తవ్వి పెళ్ళాన్ని పట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

పెళ్ళి ఊరేగింపు ఆ వంతెన మీదుగా మేళతాళాలతో దర్జాగా సాగింది. దాటి పది అడుగులు వేయగానే మేళగాళ్ళు సన్నాయిలు నెత్తిన పెట్టుకున్నారు. ముత్తయిదువులు చీరలు ఎగదోపుకున్నారు. అందరం అసలు గెడ్డలో నడుముల్లోతు నీళ్ళలోకి దిగాం. పల్లకీలోకి నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళయినా ఆ వంతెన చెక్కుచెదరలేదు. దాని కిందకు నీళ్ళు వెళితే కదా చెదరడానికి!

ఆ పల్లకీలో, తడిసిన పట్టుపంచెతో, పక్కన పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుండగా, గంగమ్మ సాక్షిగా శపథం చేశాను. ఈ జన్మలో ఇంకెవరికైనా బ్రాందీ పోయవలసి వస్తే రెండు వేళ్ళ మందమే పోస్తాను. ఆ పోసేదైనా ఊరికి అవసరమైన వంతెనలన్నీ కట్టడం పూర్తయ్యాకే.