పదిహేడో నంబరు పానా

మా పానా మావయ్య మహా మొండివాడు. వంటింట్లో గరిటెలు తగిలించే గోడ మీద కూడా ఒక్కోదాని ఆకారం రంగుతో గీసిపెట్టాడు. ఒక్క చోటు ఖాళీగా కనిపించినా అన్నం ముట్టడు.

"ఇది వంటిల్లనుకున్నారా, మీ షెడ్డనుకున్నారా?" అని అత్తయ్య రోజూ సణిగేది.

సైనిక హెలికాప్టర్లు బాగుచేసే షెడ్డులో ఆయన ఇరవై ఆరేళ్లు మెకానిక్కు. అక్కడి బోర్డు మీద ప్రతి పనిముట్టుకూ గీసిన చోటు ఉంటుంది. పనిముట్టు మీద షెడ్డు గుర్తు, నంబరు చెక్కి ఉంటాయి. అన్నీ బోర్డెక్కి, మెకానిక్కు సంతకం పెట్టేదాకా హెలికాప్టరు కదలకూడదు. లోపల ఒక్క పానా మరిచిపోయినా కొంప మునుగుతుంది.

ఒకరోజు ఉదయం పదిహేడో నంబరు పానా కనబడలేదు. ఎంత వెతికినా లేదు. పైఅధికారి నెత్తిమీద నిలబడి తొందరపెట్టాడు. మావయ్య పక్క షెడ్డు నుంచి అలాంటిదే తెచ్చి ఖాళీలో తగిలించి, సంతకం పెట్టేశాడు. గంట తిరక్కుండా హెలికాప్టరు కొండను ఢీకొంది. పైలట్‌తో సహా నలుగురు పోయారు.

పొగమంచు, పైలట్ పొరపాటు అని విచారణలో తేల్చేశారు. హెలికాప్టరు బాగానే ఉందని మావయ్య వాంగ్మూలం మీద సంతకం చేస్తే అంతటితో సరి. ఆయన మాత్రం ఆ అరువు పానా తీసుకెళ్లి విచారణ అధికారుల బల్ల మీద పెట్టాడు.

"ఇది పక్క షెడ్డుది సార్. గుర్తు చూడండి. మాది ఎక్కడుందో ఆ శకలాల్లో వెతికించండి."

"మతి పోయిందా నీకు? ఉద్యోగం ఊడుతుంది. జైలుకు పోతావు."

"పోతాను. నన్ను తొందరపెట్టినాయన పేరు కూడా రాసుకోండి. చచ్చినవాడు లేచొచ్చి మాట్లాడలేడని తప్పంతా అతని నెత్తిన రుద్దుతారా? నేను సంతకం పెట్టను."

మూడు రోజులు బెదిరించారు, బతిమాలారు. ససేమిరా అన్నాడు. ఇంటి దగ్గర అత్తయ్య ఏడ్చి మొత్తుకుంది. ఈ మనిషికి పెళ్లాం బిడ్డలు గుర్తే లేరా అని నాకూ ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి వెతికారు. హెలికాప్టరును అదుపుచేసే కడ్డీల మధ్య, కాలి వంకరపోయి, పదిహేడో నంబరు దొరికింది. నివేదికలో పైలట్ తప్పు కొట్టేశారు. మావయ్యకు రెండేళ్లు జైలు పడింది. పైఅధికారికి మాత్రం ఉత్త బదిలీ. అది గుర్తొస్తే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది.

ఆయన విడుదలైన వారానికి పైలట్ భార్య మా గుమ్మంలోకి వచ్చింది. మావయ్య లేచి నిలబడ్డాడు.

"మా ఆయన పేరు నిలబెట్టారు," అందామె. "కానీ మిమ్మల్ని క్షమించలేను."

"క్షమించొద్దు తల్లీ," అన్నాడు మావయ్య. "అందుకోసం చెప్పలేదు."