దమ్ము లోపట ఏం చేస్తది?

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెడిసిన్ కోచింగ్ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ణి. మాది కోస్తా. నా పాఠం మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజు శ్వాసక్రియ చెబుతున్నాను. కణంలో ఆక్సిజన్ పని తిన్నదాన్ని మండించి శక్తి ఇవ్వడమే, ఇంకేం లేదని తేల్చేశాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. ఎల్‌బీ నగర్ అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే తెలుగు మీడియం పిల్ల.

"సార్, మనం తీస్కునే దమ్ము ఉత్త కాల్చుడేనా, లోపట ఏమన్న తయారు గూడ చేస్తదా?"

దమ్మంటే వాళ్లకు ఊపిరి. మా వైపు నాట్లకు ముందు పొలాన్ని బురదగా కలియదున్నడం. నా నోరు ఊరుకుంటేగా! "దమ్ము చేసేది పొలంలోనమ్మా, ఒంట్లో కాదు" అన్నాను. ముందు బెంచీల్లోని మా వైపు పిల్లలు పగలబడి నవ్వారు. వెనక బెంచీలు నవ్వలేదు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుని కూర్చుంది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాత రెండ్రోజులు బంద్. మన్సూరాబాద్‌లో ఇంట్లో కూర్చుంటే ఆ మొహమే కళ్లలో మెదిలింది. నేను ఆమె మాటతీరును ఎగతాళి చేశాను, ఎంత సర్దిచెప్పుకున్నా సిగ్గేసింది. కనీసం జవాబైనా వెతుకుదామని పాత బయోకెమిస్ట్రీ పుస్తకం దించాను. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. మన కణాలు కొలెస్ట్రాల్ తయారు చేసేటప్పుడు అందులో పెట్టే ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు మనం పీల్చిన గాలిలోదే. కణాల పొరలకు ఆ కొలెస్ట్రాల్ కావాలి, దాన్నుంచే ఎన్నో హార్మోన్లు పుడతాయి. ఇన్నేళ్లూ నేను సగం పాఠమే చెప్పానన్నమాట.

బంద్ అయ్యాక ఆమె వచ్చింది, క్లాసుకు కాదు, ఆఫీసులో ఇచ్చిన సర్టిఫికెట్లు వాపసు తీసుకోవడానికి. "నాతోని కాదు సార్, ఇంటికాడ్నే ఉంట" అంది.

"ఐదు నిమిషాలు క్లాసులోకి రామ్మా, తర్వాత నీ ఇష్టం" అని బతిమాలాను.

అందరి ముందూ చెప్పాను. "మొన్న ఈ అమ్మాయి అడిగినదానికి నాకు జవాబు తెలీదు. తెలీకే వెటకారం చేశాను. తప్పు నాది." ఆ పరమాణువు ఎక్కడ చేరుతుందో బోర్డు మీద వేసి చూపించాను.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నది.

"మరి తిండిల గూడ ఆక్సిజన్ ఉంటది గద సార్. గది తీస్కోక గాలిలదే ఎందుకు కావాలె?"

"తెలీదమ్మా" అన్నాను. "రేపటికి చదివి చెబుతాను."

"గట్లయితే రేపొస్త సార్" అంది.